మంచి తిండి: ఇంట్లో, దారిలో, ఆట ముందు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పుతో తేలిపోయింది. ఏటా ఈ వేదిక మీద కరువు భృతి గురించి, వైద్య ఖర్చుల గురించి, రావలసిన బకాయిల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. అయితే ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "భోజనాలకు ముందు ఒక అరగంట ఖాళీ ఉంది, మీరు తిండి గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఆకలితో ఉన్న సభ ముందు తిండి గురించి మాట్లాడడం సాహసమే. వంటవాళ్ళు ఆ తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపిన మరుక్షణం ఆపేస్తానని ముందే హామీ ఇస్తున్నాను.

నేను వైద్యుణ్ణి కాను, వంటవాణ్ణీ కాను. ఉద్యోగ రీత్యా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అనే మూడు ఊళ్ళలోనూ పనిచేసి, మూడు చోట్లా తిన్నవాణ్ణి. ఆ రోజుల్లో ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణాలు. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. హద్దులు మారాయి గాని మన రొట్టె మారలేదు, కారం మారలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. తిండిలోని రుచి కంచంలో సగమే ఉంటుంది. మిగతా సగం మన ఆకలిలో, పక్కన కూర్చున్న తోడులో, తినడానికి ఇచ్చే తీరికలో ఉంటుంది. కొలువులో ఉన్నన్నాళ్ళు ఆకలి ఉండేది, పంచుకోవడానికి పక్క సీటు ఉండేది, తీరిక మాత్రం ఉండేది కాదు. రిటైరయ్యాక తీరిక దండిగా దొరికింది. ఆకలి తగ్గింది. తోడు కొందరికి దూరమైంది. కాబట్టి ఈ వయసులో మంచి తిండి అంటే ఏమిటో మళ్ళీ మొదటి నుంచి ఆలోచించుకోవాలి. ఇంట్లో, దారిలో, ఆట చూసేటప్పుడు అని మూడు భాగాలుగా మనవి చేస్తాను.

ఇంట్లో

మంచి తిండి అనగానే మనకు పండుగ వంటలు గుర్తుకొస్తాయి. ఉగాదికి బక్షాలు, బతుకమ్మకు సద్దులు, పీర్ల పండుగకు మలీద, దసరాకు యాటకూర. ఇవన్నీ గొప్పవే. కాని ఏడాదిలో పండుగలు ఎన్ని? మిగతా మూడు వందల పైచిలుకు రోజులు మన పెద్దవాళ్ళను నిలబెట్టినవి జొన్నరొట్టె, సద్దరొట్టె, గటక, అంబలి.

ఈనాటి పిల్లల కోసం రొట్టె సంగతి కొంచెం చెబుతాను. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. అందుకే ఉడుకు నీళ్ళు పోసి కలుపుతారు. కర్రతో ఒత్తితే విరిగిపోతుంది కాబట్టి పీట మీద పెట్టి, అరచేత్తో తడుతూ, తిప్పుతూ పెద్దది చేస్తారు. పెనం మీద వేశాక పైన నీళ్ళు అద్దుతారు. పొంగిన రొట్టె పొయ్యి మీంచి నేరుగా కంచంలో పడాలి. పక్కన పుంటికూర పప్పు, పల్లికారం, ఒక ఉల్లిగడ్డ. పల్లికారం మీద నాలుగు చుక్కల నూనె. ఇంతకు మించిన భోజనం నాకు తెలియదు.

పల్లికారం అన్నాను. నడిగడ్డ సోదరులు నవ్వుతున్నారు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ నేలలో వీటిని బుడ్డలు అంటారు. వనపర్తికి, నాగర్‌కర్నూలుకు వస్తే పల్లికాయ. బడి పుస్తకంలో వేరుశనగ. పేరు ఏదైనా మూడు జిల్లాల్లోనూ రైతు చేతికి డబ్బు తెచ్చే పంట, మన కంచంలో కారమయ్యే పంట అదే.

జొన్న, పల్లి జంటగా కుదరడం వెనుక ఒక సంగతి ఉంది. దక్కనులో జొన్న తప్ప మరొకటి దొరకని నిరుపేదల్లో పెల్లగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు లేచేది, విరేచనాలు పట్టేవి, ముదిరితే మతి చెదిరేది. నియాసిన్ అనే విటమిన్ చాలకపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. జొన్న తినేవాళ్ళలో ఇది ఎందుకు వస్తున్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లలో పరిశోధించారు. ఆ నియాసిన్ పుష్కలంగా ఉన్న గింజల్లో మన పల్లి ఒకటి. జొన్నరొట్టె మీద పల్లికారం పెట్టిన మన అవ్వకు ఈ లెక్క తెలియదు. రుచి తెలుసు. ఆ రుచే కొంతవరకు కాపు కాసింది. 2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు జొన్న గొప్పదనాన్ని అందరూ పొగిడారు. మంచిదే. కాని జొన్న ఒక్కటే ఉన్న కంచం పేదరికపు కంచం అని మన ప్రాంతానికి తెలుసు. పక్కన పప్పు, ఆకుకూర, పల్లి, మజ్జిగ ఉన్నప్పుడే అది భోజనం.

మన గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారిని ఇక్కడ తలచుకోవాలి. 1896లో ఇటిక్యాలపాడులో పుట్టి, 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన వారు. రాజుల యుద్ధాలను పక్కన పెట్టి జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెతికి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం, వారు పోయిన తరువాత, 1955లో ఆ పుస్తకానికే దక్కింది. తిండిని, ఆటను చరిత్రలో కూర్చోబెట్టిన మనిషి మనవాడు. ఆ ధైర్యంతోనే నేనూ ఈ రెండింటి గురించి మాట్లాడుతున్నాను.

ఇప్పుడు అక్కచెల్లెళ్ళ తరఫున ఒక మాట. మనలో చాలామందికి యాభై ఎనిమిదేళ్ళకు పదవీ విరమణ అయింది. ఇప్పటి ఉద్యోగులకు అరవై ఒకటి. వంటింటికి మాత్రం ఏ ప్రభుత్వమూ విరమణ వయసు నిర్ణయించలేదు. మనం పెన్షన్ తీసుకొని పేపరు చదువుకుంటూ ఉంటే, డెబ్బై ఏళ్ళ మనిషి మోకాళ్ళు పట్టుకొని పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది. ఉద్యోగం చేసి రిటైరైన అక్కలకైతే రెండు కొలువుల్లో ఒకదాని నుంచే విముక్తి. పైగా అందరికీ వేడి రొట్టె వడ్డించి, తాను ఆఖరున చల్లారినది తినే అలవాటు ఇంకా చాలా ఇళ్ళలో పోలేదు. ఒకరు నిలబడి వడ్డిస్తూ, ఒకరు కూర్చొని తింటూ ఉంటే ఆ ఇంట్లో తోడు ఉన్నట్టా?

రొట్టె తట్టడం మాకు రాదని మగవాళ్ళు అంటారు. నిజమే, అది ఏళ్ళ తరబడి సాధన చేయవలసిన విద్య. కాని పచ్చిపులుసుకు పొయ్యి కూడా అక్కరలేదు. చింతపండు నానబెట్టి పిసికి, రసం తీసి, నీళ్ళు కలిపి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి సన్నగా తరిగి చేత్తో నలిపి వేసి, కొత్తిమీర, వేయించి దంచిన నువ్వులపొడి, కొంచెం ఉప్పు వేస్తే అయిపోయింది. ఫైలు మీద నోటు రాయగలిగిన ఎవరైనా ఇది చేయగలరు. రాత్రిపూట పచ్చిపులుసు బాధ్యత మగవాళ్ళదని ఇంటింటా ఒక ఉత్తర్వు వెలువడాలని కోరుతున్నాను.

ఇక డాక్టరు గారి చీటీ. ఈ హాలులో ఉన్నవాళ్ళలో చీటీ లేనివారు చేయి ఎత్తండి అంటే పదిమంది కూడా ఎత్తరు. ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, చక్కెర మానండి. ఉప్పు రోజుకు అయిదు గ్రాములకు మించవద్దని, అంటే సుమారు ఒక టీ చెంచా అని, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన పోషకాహార సంస్థ రెండూ చెబుతున్నాయి. పాటించవలసిందే. కాని చీటీని సరిగా చదవడం కూడా అవసరం.

మన సభ్యులలో ఒకాయన సంగతి చెబుతాను. ఆయన ఈ సభలోనే ఉన్నారు, ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. భార్య పోయారు. పిల్లలు దూరపు ఊళ్ళలో ఉద్యోగాలు. డాక్టరు గారు ఇచ్చిన చీటీలో అన్నీ తగ్గించమనే ఉంది. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం పెరుగన్నం. రాత్రి మళ్ళీ టీ, బిస్కెట్లు. చీటీ పాటిస్తున్నాననే ఆయన అనుకున్నారు. ఆరు నెలల్లో చొక్కాలు వదులయ్యాయి. ఒక తెల్లవారుజామున స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడ్డారు. అదృష్టం బాగుండి ఎముక విరగలేదు. పరీక్షలన్నీ చూసి డాక్టరు గారు ఒకటే మాట అన్నారట: "అయ్యా, నేను తగ్గించమన్నది ఉప్పును, తిండిని కాదు."

ఇది ఆయన ఒక్కరి కథ కాదు. ఒంటరిగా మిగిలిన అక్కచెల్లెళ్ళు కూడా ఇదే చేస్తారు. "నా ఒక్కదానికి కూర ఎందుకు" అని తొక్కు వేసుకొని నాలుగు మెతుకులు తిని లేస్తారు. తొక్కులో ఉన్న ఉప్పు అంతా లోపలికి పోతుంది, పప్పులో ఉన్న బలం అందదు. వయసు పైబడ్డకొద్దీ కండ కరుగుతుంది. పప్పు, గుడ్డు, పాలు, చేప, పల్లి వంటివి తగ్గితే ఆ కరగడం ఇంకా త్వరగా సాగుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళ లెక్క వేరు, వారు తమ డాక్టరునే అడగాలి. మిగతావాళ్ళకు ఈ వయసులో ఎక్కువ తినడం ఎంత ముప్పో, తినకపోవడమూ అంతే ముప్పు.

ఆ మిత్రుడు కోలుకున్నది మందులతో మాత్రమే కాదు. పక్కింటి కుటుంబం ఒక ఏర్పాటు చేసింది. సాయంత్రం ఆయన బజారుకు పోయి కూరగాయలు తెచ్చి, వాళ్ళ వరండాలో కూర్చొని తరుగుతారు. వాళ్ళు వండుతారు. అందరూ కలిసి తింటారు. నెల తిరిగేసరికి ఖర్చులో తన వాటా ఇచ్చేస్తారు. మొహమాటం లేదు, దానం లేదు. ఇప్పుడు ఆయన ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

దారిలో

పాత రోజుల్లో మన ప్రయాణాలన్నీ మూటతోనే సాగేవి. మీటరు గేజి రైలు గద్వాల మీదుగా కర్నూలుకు నెమ్మదిగా పోయేది. వనపర్తి రోడ్డు అని స్టేషను పేరే గాని, అది ఉన్నది మదనాపురంలో. దిగి మళ్ళీ బండో బస్సో పట్టాలి. నాగర్‌కర్నూలుకైతే ఆ రైలు కూత కూడా వినబడదు. కాబట్టి బయలుదేరేవాడు సద్దిమూట కట్టుకోక తప్పేది కాదు.

అయితే మూట విలువ మనకంటే బాగా తెలిసినవాళ్ళు మన పాలమూరు వలస కూలీలు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, గుంపు మేస్త్రీల వెంట పోయి మట్టి మోసినవాళ్ళు వాళ్ళు. 'పాలమూరు లేబర్' అనే పేరు దేశమంతటా అలాగే పాకింది. తమ చేలకు నీళ్ళు లేక, పరాయి చేలకు నీళ్ళు పారించడానికి పోయారు.

1990ల మొదట్లో ఒకసారి మేము ముగ్గురం అచ్చంపేట నుంచి నాగర్‌కర్నూలుకు వస్తున్నాం. దారిలో బస్సు టైరు పేలింది. మధ్యాహ్నం రెండు దాటింది. చుట్టూ చెట్టు నీడ తప్ప ఏమీ లేదు. పొద్దున్నే తనిఖీ పని ఉండి ఎవ్వరమూ సరిగా తినలేదు. అదే బస్సులో పక్క రాష్ట్రంలో కాలువ పనికి పోతున్న నాలుగైదు కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళు చింతచెట్టు కింద కూర్చొని మూటలు విప్పారు. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, చిన్న డబ్బాలో ఎండుకారం. మా వైపు చూసి ఒక ముసలమ్మ రొట్టె విరిచి చెయ్యి చాపింది. "వద్దమ్మా, మీ దారికి కావాలి కదా" అన్నాం. ఆమె అన్నది: "తినుండ్రి సారూ. రొట్టె నాలుగు దినాలైనా ఆగుతది, ఆకలి ఆగదు."

తిన్నాం. గట్టి రొట్టె. నములుతూ ఉంటే నోట్లో తియ్యగా మారింది. కారం నాలుకకు తగిలి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. మా దగ్గర ఉన్న అరటిపండ్లు వాళ్ళ పిల్లలకు ఇచ్చాం. తరువాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, పెద్ద హోటళ్ళలో తిన్నాను. ఆ రొట్టె రుచి మాత్రం మరెక్కడా తగలలేదు. అది ఎన్ని రోజుల ప్రయాణమో లెక్క చూసి, ఎన్ని రొట్టెలు కావాలో లెక్క చూసి కట్టుకున్న మూట. ఆ లెక్కలో నుంచి మాకు మూడు తీసింది. ఆమె దారిలో ఏ పూట తక్కువ పడిందో మాకు తెలియదు. ఆతిథ్యం గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ చెయ్యే గుర్తుకొస్తుంది.

ఆ మూటలో మనబోటి యాత్రికులకు పాఠం కూడా ఉంది. తడి లేనిది నిలుస్తుంది, తడి ఉన్నది చెడుతుంది. రొట్టె, ఎండుకారం, పేలాలు, వేయించిన పల్లీలు, పుట్నాలు దారికి మంచివి. కొబ్బరి పచ్చడి, పెరుగన్నం ఎండాకాలంలో మధ్యాహ్నం దాటితే నమ్మరాదు. శ్రీశైలం పోయేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన్ననూరు దగ్గర అడవి దారిని రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా మూసివేస్తారు, పులుల అభయారణ్యం కాబట్టి. ఆలస్యమైతే ఆ రాత్రి అక్కడే ఆగిపోవాలి. చక్కెర జబ్బుకు మాత్ర వేసుకొనేవారు సంచిలో తిండి లేకుండా ఆ దారి పట్టకూడదు. మందు పర్సు ఎంత ముఖ్యమో, గుప్పెడు పుట్నాలు, మంచినీళ్ళ సీసా అంత ముఖ్యం.

దారిలో తినడమంటే మూట ఒక్కటే కాదు. ఏ ఊరికి పోతే ఆ ఊరి తిండి తినాలి. గద్వాలలో పొద్దున దిగితే వగ్గాని తినాలి. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపుతో పోపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి. కర్నూలు, రాయచూరు గాలి అటు వీస్తుంది కాబట్టి ఆ రుచి అక్కడికి వచ్చింది. జూరాల ప్రాజెక్టు వైపు పోతే దారి పక్కనే అప్పటికప్పుడు చేపలు వేయించి ఇస్తారు. నూనె నల్లగా మరిగి ఉంటే మాత్రం చూసి పక్క దుకాణానికి జరగండి. ఎండాకాలంలో కొల్లాపూర్ పోతే మామిడి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు కాయ మొత్తం తినక్కరలేదు, నలుగురు కలిసి ఒక కాయ కోసుకుంటే నాలుగు ముక్కలతో ఆశ తీరుతుంది. ఒక్కడే కూర్చుంటే కాయ మొత్తం పోతుంది. తోడు ఉంటే తక్కువతో తృప్తి కలుగుతుంది, ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

ఆట ముందు

ఇక మూడోది, కార్యదర్శి గారికి ఇష్టమైనది. ఆట చూస్తూ తినడం.

మన ప్రాంతపు పెద్ద ఆట ఎద్దుల బండలాగుడు. నడిగడ్డలో జాతర వస్తే బండలాగుడు ఉండవలసిందే. అయిజ తిక్క వీరేశ్వర స్వామి జాతరకు ఎక్కడెక్కడి నుంచో జతలు వస్తాయి. గడువులోపల బండను ఎంత దూరం లాగాయో కొలిచి బహుమతి ఇస్తారు. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని ఎద్దుల పండ్లను బట్టి విభాగాలు ఉంటాయి. మన సంఘంలో కూడా పండ్ల లెక్కన విభాగాలు పెడితే నేను ఏ విభాగంలో పడతానో దయచేసి అడగవద్దు.

ఆ ఎద్దులకు రైతు పెట్టే తిండి చూడాలి. ఉలవలు ఉడకబెట్టి పెడతాడు. ఉలవలు ఉడికిన నీళ్ళు, అంటే కట్టు, ఇంటికి వస్తుంది. దానికి చింతపండు, పోపు చేరితే మన ఉలవచారు. పట్నంలో పెళ్ళి విందుల్లో వెండి గిన్నెలో పోస్తున్న ఉలవచారు అలా ఎద్దుతో పంచుకొని తిన్న తిండే. జాతరలో చూసేవాళ్ళు మాత్రం మైదానం చుట్టూ నిలబడి బజ్జీలు, బొరుగులు, ఉడకబెట్టిన బుడ్డలు తింటారు. ఎండలో నడిచి వచ్చి, గంటల కొద్దీ నిలబడి, కేకలు వేసి తినే తిండి అది. అరిగిపోయేది.

తరువాత రేడియో వచ్చింది. 1975 మార్చి 15న కౌలాలంపూరులో మన హాకీ జట్టు పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, 1983 జూన్ 25న లార్డ్స్‌లో 183 పరుగులే చేసి వెస్టిండీస్‌ను 140కే ఆపినప్పుడు మనలో చాలామందికి రేడియోనే మైదానం. ఒక రేడియో చుట్టూ పదిమంది. ఎవరో ఒకరి ఇంటి నుంచి వేయించిన పల్లీలు వచ్చేవి. రేడియో మనల్ని చెవి ఒక్కటే అడిగేది. కళ్ళు కంచం మీద, పక్కవాడి ముఖం మీద ఉండేవి.

టీవీ చెవితో పాటు కళ్ళను కూడా తీసుకున్నది. చెయ్యి మాత్రం ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీ చేతిలోకి పొట్లం వచ్చింది. ఏమి తింటున్నామో కన్ను చూడదు, ఎంత తిన్నామో కడుపు చెప్పినా మనసు వినదు. వికెట్టు పడితే ఒక గుప్పెడు, సిక్సరు కొడితే రెండు గుప్పెళ్ళు. ఆట అయ్యేసరికి పొట్లాలు అయిపోయాయి, రుచి ఏమిటో చెప్పమంటే చెప్పలేం. పొట్లాల్లో వచ్చే చిప్సు, కారాలలో ఉప్పు, నూనె దండిగా ఉంటాయి. రాత్రంతా దాహం, పొద్దున రక్తపోటు.

ఒక విచిత్రం గమనించండి. క్రికెట్ టెస్టు మ్యాచిలో ఆటగాళ్ళకు భోజన విరామం ఉంటుంది, టీ విరామం ఉంటుంది. తినవలసి వస్తే వాళ్ళు ఆట ఆపి, లోపలికి పోయి, కూర్చొని తింటారు. చూసేవాళ్ళమైన మనమే ఆపకుండా తింటాం. వాళ్ళు ఆపినప్పుడే మనమూ భోజనం చేస్తే చాలు, సగం సమస్య తీరుతుంది.

విరామం లేనప్పుడు చేతికి ఏదో కావాలి కదా అంటారు. దానికి మన నేలే జవాబు ఇచ్చింది. పొట్టుతో ఉన్న పల్లికాయ. కాయలను కొంచెం ఉప్పు వేసి ఉడకబెట్టి, గిన్నె ముందు పెట్టుకోండి. ఒక్కొక్క కాయ ఒలవాలి. రెండు గింజలు వస్తాయి. ఒలిచే వేళకు ఒక బంతి అయిపోతుంది. ఒలిచిన తొక్కలు ఎదురుగా కుప్ప పడుతుంటే ఎంత తిన్నామో కంటికి లెక్క కనబడుతుంది. గింజ మెత్తగా ఉంటుంది కాబట్టి కట్టుడు పండ్లకూ ఇబ్బంది లేదు. ఈ చలికాలంలోనైతే ఉడికించిన అనపకాయలు, కందికాయలు ఉండనే ఉన్నాయి. వాటినీ ఒలవాల్సిందే. పల్లి బలమైన గింజే, కాని నూనె గింజ. ఎండు గింజలు వంద గ్రాములు తింటే దాదాపు 560 కేలరీలు, అంటే ఒక పూట భోజనం తిన్నట్టే. అందుకని ఒక గుప్పెడు చాలు. నల్లబడినది, బూజు వాసన వచ్చేది, చేదుగా తగిలేది వెంటనే ఉమ్మివేయాలి. తేమ తగిలిన పల్లీలలో పట్టే బూజు విషంతో సమానం.

2025 నవంబరు 2న మన ఆడపిల్లలు నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచారు. కడప జిల్లా బిడ్డ శ్రీచరణి ఆ జట్టులో ఉన్నది. ఆ రోజు వాన వల్ల ఆట ఆలస్యంగా మొదలై చాలా పొద్దుపోయే దాకా సాగింది. మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా మ్యాచి అంటే మగవాళ్ళు కూర్చోవడం, ఆడవాళ్ళు గిన్నెలు అందించడం. ఆ రాత్రి మా ఆవిడ, కోడలు, మనుమరాలు ముందు వరుసలో కూర్చున్నారు. మా అబ్బాయి కాయలు ఉడకబెట్టాడు, నేను పచ్చిపులుసు కలిపాను. నలభై ఏళ్ళలో మా ఆవిడ ఒక ఆటను మొదటి బంతి నుంచి చివరి దాకా లేవకుండా చూడడం అదే మొదలు. "ఇంత బాగుంటదా ఇది?" అన్నది. ఆట బాగుందన్నదో, కూర్చొని తినడం బాగుందన్నదో నేను అడగలేదు.

ఒక మనవి

వంటవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చారు. ముగిస్తాను.

మన సంఘానికి ఒక చిన్న పని ప్రతిపాదిస్తున్నాను. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. మూడు ఊళ్ళలోనూ మన సభ్యుల జాబితా ఉంది. అందులో ఒంటరిగా ఉంటున్న వారెవరో గుర్తించుదాం. ఒంటరిగా మిగిలిన కుటుంబ పెన్షనర్లు, ముఖ్యంగా అక్కచెల్లెళ్ళు, ఇందులో ముందు ఉండాలి. నెలకు ఒకరోజు, ఎవరికి అనుకూలమైన వాడలో వాళ్ళు, ఒక ఇంట్లో కలిసి తిందాం. ప్రతి ఒక్కరు ఒక్క వంటకం తేవాలి. వండలేనివారు పెరుగో పండో తేవాలి. మ్యాచి ఉన్న రోజైతే మరీ మంచిది, ఒక టీవీ ముందు పదిమంది కూర్చోవచ్చు. రాని సభ్యుడు ఎందుకు రాలేదో ఒకరు పోయి చూసి రావాలి. స్నానాల గదిలో పడిపోయినవాళ్ళను మరునాడు పాలవాడు చూడవలసిన గతి మనలో ఎవరికీ పట్టకూడదు.

కొడుకులకు, కోడళ్ళకు, బిడ్డలకు, అల్లుళ్ళకు కూడా ఒక మాట. ఫోనులో మీరు రోజూ "తిన్నారా?" అని అడుగుతారు. మేము "తిన్నాం" అంటాం. ఇకనుంచి "ఏమి తిన్నారు, ఎవరితో తిన్నారు?" అని అడగండి. జవాబులో తేడా మీకే తెలుస్తుంది.

ఏటా ట్రెజరీకి మనం బతికే ఉన్నామని ఒక కాగితం ఇస్తాం. అది చాలా అవసరం, మరిచిపోవద్దు. అలాగే నెలకు ఒకసారి ఒకరి కంచం ముందు ఒకరం కూర్చొని ఆ సంగతి మనలో మనం చూసుకుందాం. ఈ ప్రతిపాదనను మధ్యాహ్నం జరిగే సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా పెట్టవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను. ఈ నెలలోనే మొదలుపెట్టేటట్టయితే మొదటి భోజనం మా ఇంట్లో. రొట్టెలు మా ఆవిడ, మా అబ్బాయి కలిసి చేస్తారు. పచ్చిపులుసు నాది.

 లేవండి, పంక్తికి పోదాం.